ఇద్దరి పాసు మీద ముగ్గురం

మా వంటింటి పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. దాని మూత మీద మా ఆయన పేరు లేదు, మా ఇంటి పేరూ లేదు. 'బి. యాదగిరి' అని చుక్కల అక్షరాలతో చెక్కి ఉంటుంది. ఆ రోజుల్లో స్టీలు సామాను కొంటే కొట్టతను చిన్న మిషన్ ఒకటి తీసి, జుర్రుమనిపిస్తూ మూత మీద పేరు చెక్కి ఇచ్చేవాడు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో గిన్నెలు కలిసిపోకుండా అదొక ఏర్పాటు. మొన్న మా అమ్మాయి అరలు సర్దుతూ ఆ డబ్బా దించి, "అమ్మా, ఈ యాదగిరి ఎవరు?" అని కాస్త అనుమానంగానే అడిగింది. అంతకు ముందు ఆదివారమే అది నన్ను పాటల కచేరీకి లాక్కెళ్ళింది. టికెట్టు ఫోన్లోనే, చేతికి రంగు కాగితపు పట్టీ, పాడేవాడు ఎవరో నాకు సరిగా తెలియదు. నా ముందు నిలబడ్డ అమ్మాయి పాట మొదటి నుంచి చివరి దాకా ఫోను పైకెత్తి పట్టుకుని, కళ్ళతో చూడవలసినదంతా ఆ చిన్న అద్దంలోనే చూసింది. నాకు కోపం రావలసింది గానీ రాలేదు. ఆ జనం, ఆ డప్పులు, గుండె మీద ఎవరో అరచేత్తో తట్టినట్టు తగిలే ఆ మోత, ఇవన్నీ కలిసి నన్ను మధురానగర్‌లోని ఒక వెనక వీధికి తీసుకెళ్ళిపోయాయి. యాదగిరి అంకుల్ ఎవరో మా అమ్మాయికి ఆ పూటే చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట ఒప్పేసుకుంటే మంచిది. నేను పాటల మనిషిని కాను. పాట వస్తుంటే వింటాను, పోతే పోయిందని వెతుక్కోను. ఏ పాటైనా నాకు పల్లవి వరకే వస్తుంది. చరణం మొదలయ్యేసరికి నా బుర్ర పప్పులో ఉప్పు వేశానా లేదా అన్న దగ్గరికి వెళ్ళిపోతుంది. అలాంటిదాన్ని, జనం టికెట్ల కోసం కొట్టుకున్న ఒక కచేరీకి పాసు సంపాదించి మరీ వెళ్ళానంటే అది నా కోసం కాదు. ఆ గాయని పేరు ఇక్కడ చెప్పను. చెబితే మీలో సగంమంది, ఆవిడ ఎదురుగా నిలబడి పాడుతుంటే కూడా చరణం నేర్చుకోలేదా అని నా మీదికి వస్తారు.

తణుకు పక్క నుంచి నేను అమీర్‌పేట వచ్చేసరికి, చేతిలో డిగ్రీ ఉన్న ప్రతివాళ్ళూ అక్కడికే వస్తున్నారు. కరెంటు స్తంభం కనిపించనివ్వకుండా కోర్సుల బోర్డులు, బస్సు దిగీదిగగానే చేతిలో కుక్కే కరపత్రాలు, వాటిని తొక్కుకుంటూ నడిచే మేము. జిరాక్సు షాపుల ముందు నోట్సు కట్టలు బజ్జీల బండి పక్కనే అమ్ముడుపోయేవి, అందుకే నా జావా నోట్సుకు ఎప్పుడూ మిరపకాయ బజ్జీ వాసన ఉండేది. కోర్సు అయ్యాక ఉద్యోగం రాలేదు గానీ, నేర్పినచోటే ల్యాబ్‌లో పిల్లలకు సాయం చేయడానికి పెట్టుకున్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నానమ్మా" అనేదాన్ని. అబద్ధమేమీ కాదు, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న గదికి తాళం వేసేది నేనే.

ఉండేది మధురానగర్‌లో, సత్తెమ్మ ఆంటీ వాళ్ళ మేడ మీద రేకుల గదిలో. కింద వాళ్ళిద్దరే ఉండేవారు. పొద్దున్నే ఆంటీ వాకిట్లో నీళ్ళు చల్లే చప్పుడుకు మెలకువ వచ్చేదని రాయాలని ఉంది గానీ, నిజానికి వీధి వీధంతా లేచేది యాదగిరి అంకుల్ రేడియోకి. ఆయన దాన్ని ఎంత గట్టిగా పెట్టాలో అంతా పెట్టి, ఇంకా తక్కువే అనుకుని, చెవి దాని మీద ఆనించి కూర్చునేవాడు. సనత్‌నగర్‌లో రేకులు అచ్చుకొట్టే కార్ఖానాలో, పెద్ద ప్రెస్సు మిషన్ పక్కన ఆయన ఉద్యోగమంతా గడిచింది. రేకు మీద ఆ మిషన్ పడ్డ ప్రతిసారీ ఆయన వినికిడిలో కొంచెం కొంచెం పట్టుకుపోయింది. రిటైరయ్యాక చెవికి పెట్టుకునే మిషన్ ఒకటి కొన్నారు గానీ, అది పెట్టుకుంటే మళ్ళీ కార్ఖానాలోకి పోయినట్టే ఉందని తీసి బీరువాలో పెట్టేశాడు.

ఆయనకు ఈ భూమ్మీద వినిపించే గొంతు ఒక్కటే, సత్తెమ్మ ఆంటీది. కాస్త బొంగురుగా, బరువుగా ఉండే గొంతు అది. ఆయన కుడిచెవి దగ్గరికి వంగి ఆవిడ చెబితే ఎంత చిన్న సంగతైనా అందేది. అందుకని ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడ మీదుగానే పోవాలి. "అంకుల్, పైన కుళాయి రావడం లేదండీ" అని నేనంటే, ఆయన నవ్వి, "తిన్నవా బిడ్డా?" అనేవాడు. ఎవరేం మాట్లాడినా ఆయన ముందుగా ఇచ్చే జవాబు అది. ఆంటీ చేతిలో పని వదిలి వచ్చి, చెవి దగ్గర వంగి, "నీళ్ళొస్తలేవట! తిన్నదా లేదా తర్వాత అడుగు!" అనేది. అది వీధి చివరిదాకా వినిపించేది. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆవిడ ఎప్పుడూ మొగుణ్ణి తిడుతుందనుకున్నాను. "కూర ఎట్లుంది?" అని అడగడం కూడా అదే స్థాయిలో ఉండేదని తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది.

సాయంత్రాలు నేను ల్యాబ్ మూసి వచ్చేసరికి కింద నుంచి సర్వపిండి వాసన వస్తుండేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి కలిపి, మందపాటి గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో అక్కడక్కడా గుంటలు పెట్టి, నూనె పోసి సన్నసెగ మీద కాల్చేది. మొదటిసారి తిన్నప్పుడు, "ఇది మా తపాలా చెక్కే కదండీ ఆంటీ" అని నోరు జారాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీదేంది? మాదిది. మీరు పేరు మార్చుకున్నరు, గంతే" అంది. ఆ వాదం మా మధ్య ఇప్పటికీ తెగలేదు. పైకి ఒక గిన్నెలో పెట్టి పంపేది, నేను ఆ గిన్నెలో నాలుగు అరటిపళ్ళో, ఊరి నుంచి వచ్చిన పూతరేకులో పెట్టి తిరిగి ఇచ్చేదాన్ని. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న విషయంలో మాత్రం గోదావరికీ తెలంగాణకీ తేడా లేదు.

అంకుల్‌కి ఆ గాయని వాన పాట ఒకటి ప్రాణం. టేప్ రికార్డర్‌లో ఆ క్యాసెట్ అరిగి, ఆవిడ గొంతు ఒక్కోచోట వంకర్లు పోయేది. అది ఆయనకు తెలియదు, మాకు తెలిసేది. పాట మొదలవగానే ఆంటీ, "మల్ల మొదలువెట్టిండు, నా నెత్తి పగిలిపోతది" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని నేను జుట్టు ఆరబెట్టుకుంటుంటే, అంకుల్ టేప్ ఆపి నాతో తనంతట తనే చెప్పాడు. "ఉన్నది సుత పోతదన్నడు బిడ్డా డాక్టరు. జర జర తగ్గుకుంట పోతదట. పోతే పోనీ, ఫికర్ లేదు. గని ఆమెను ఒక్కసారి ఎదురుంగ ఇనాలె. టేపుల కాదు, ఎదురుంగ." నేను ఏదో అన్నాను. ఆయనకు వినబడలేదు. "తిన్నవా?" అని అడిగి మళ్ళీ టేప్ పెట్టుకున్నాడు. ఆ రోజు నాకు చాలా దుఃఖం వచ్చింది.

అదృష్టమనాలి. ఆ ఆషాఢంలోనే పంజగుట్ట అవతల ఒక కాలేజీ మైదానంలో ఆవిడ కచేరీ పెట్టారు. మా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కూడా దానికి ఎంతో కొంత ఇచ్చారు గనక బోర్డు మీద మా పేరు కూడా వేశారు, మాకు కొన్ని పాసులు వచ్చాయి. మన ఊళ్ళో పాసు సంగతి మీకు తెలుసు. జేబులో డబ్బులున్నవాడు కూడా టికెట్ కొనడు, ఎవరో ఒకరు పాసు ఇస్తారని ఆఖరి గంట దాకా ఎదురు చూస్తాడు. పాసు మీద వెళ్ళడంలో ఉన్న గౌరవం టికెట్‌లో లేదు. నేను మా సార్ వెనకాల పడి, ల్యాబ్‌లో దుమ్ము దులిపి, చివరికి ఒక పాసు సాధించాను. దాని మీద 'ఇద్దరికి మాత్రమే' అని పెద్ద అక్షరాలతో ఉంది. అంకుల్, ఆంటీ వెళ్తారనుకుని కిందికి తీసుకెళ్ళి ఇస్తే ఆంటీ ఒప్పుకోలేదు. "నాకేం పని ఆ లొల్లిల? బల్కంపేట ఎల్లమ్మ జాతర కాడ మొన్ననే చూసొచ్చిన గంత మందిని. నువ్వే తోల్కపో బిడ్డా. నీకైతే గేట్ల కాడ ఇంగ్లీషు సుత వస్తది."

ఆ రోజు అంకుల్ మధ్యాహ్నం నుంచే తయారు. తెల్లచొక్కా ఇస్త్రీ, మెడ చుట్టూ పౌడరు. ఆంటీ మాత్రం రాను రానంటూనే సర్వపిండి చేసి, ముక్కలు కోసి, ఆయన పేరున్న స్టీలు డబ్బా నింపింది. తీరా మేము బయలుదేరేసరికి చెప్పులు వేసుకుంది. "ఈయనకు హారన్ ఇనవడదు, నీకు రోడ్డు దాట రాదు. గేటు దాంక వచ్చి పోత" అంది. అమీర్‌పేటలో బస్సు ఎక్కాం గానీ అది కదలలేదు. దిగి పంజగుట్ట దాకా నడిచాం. బళ్ళు వచ్చే వైపు ఆంటీ, లోపలి వైపు అంకుల్, వెనక నేను. ఆవిడ ఆయన మోచెయ్యి వదలలేదు. ఆయన దారిలో ప్రతి బోర్డూ పైకి చదువుతూ నడిచాడు, తాను ఎంత గట్టిగా చదువుతున్నాడో తెలియక. ఎదురొచ్చేవాళ్ళు పక్కకు తప్పుకుంటుంటే నాకు మొదట సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది, చౌరస్తా దాటేసరికి ఏమీ అనిపించలేదు.

గేటు దగ్గర కాపలా మనిషి నడివయసువాడు. పాసు చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఇద్దరే అమ్మా. డబ్బా లోపలికి పోదు." ఆంటీ, "నేను పోతలేనులే. ఈయనను మంచిగ చూసే జాగల కూసోపెట్టు, చెవులు ఇనవడవు" అంది. అతను నవ్వాడు. "చెవులు ఇనవడనాయనకు పాటల ప్రోగ్రామ్ ఏందమ్మా?" నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీషు గింగ్లీషు ఏదీ నోటికి రాలేదు. ఆంటీ మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఆయన కార్ఖానా గురించి, డాక్టరు మాట గురించి, ఆ వాన పాట గురించి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మొదటిసారి కిందికి దిగింది, అంకుల్ వినకూడదన్నట్టు. అతను కాసేపు అంకుల్ మొహంలోకి చూశాడు. ఆయన అతనితో, "తిన్నవా అన్నా?" అన్నాడు. ఆ మాటతో పని అయిపోయింది. "ముగ్గురూ పోండ్రి. డబ్బా నా కాడ పెట్టిపోండ్రి, మల్ల ఇస్త" అన్నాడతను. ఆంటీ మూత తీసి, "ముందుగల నువ్వు తిను" అని ఒక ముక్క చేతిలో పెట్టి, లోపలికి నడిచింది. గేటు దాకా వస్తానన్న మనిషి ఎవరూ బలవంతం చేయకుండానే మాకంటే ముందుగా వెళ్ళి కుర్చీలు పట్టింది.

కచేరీ ఎలా ఉందని అడిగితే నేను చెప్పలేను. వేదిక మీద ఆ గాయని చిన్న బొమ్మంత కనిపించింది, పక్కనే పెద్ద తెర మీద పెద్దగా కనిపించింది. మనిషెత్తు సౌండు పెట్టెలు అటూ ఇటూ పేర్చారు. పాటకు పాటకు మధ్య జనం గోలపెట్టారు, నేను కూడా వాళ్ళతో పాటు చప్పట్లు కొట్టాను. మబ్బు పట్టి గాలి తిరిగింది. నాకు తెలిసిన పల్లవులు వచ్చినప్పుడు సంతోషించాను, చరణాల్లో దిక్కులు చూశాను. అంకుల్ మాత్రం కదలకుండా కూర్చున్నాడు. అంత మోతలో ఆయనకు వినిపించకుండా ఎలా ఉంటుందని నేను ధైర్యంగా ఉన్నాను. అసలు పాసు కోసం పరుగెత్తింది ఆ ధైర్యంతోనే.

అప్పుడు వాన పాట ఎత్తుకుంది ఆవిడ. మైదానమంతా ఒక్కసారి హోరెత్తి, సద్దుమణిగింది. నేను అంకుల్ వైపు తిరిగాను. ఆయన ముందుకు వంగి, కుడిచెవి వేదిక వైపు పెట్టి, కళ్ళు చిట్లించుకుని వింటున్నాడు. కాసేపటికి ఆంటీని చూశాడు. "డప్పు ఒక్కటే ఇనవడ్తుంది. బోనాల లెక్కనే ఉంది. ఆమె ఏదే?" అన్నాడు. ఆ మోతంతా ఆయనకు చేరుతోంది. ఆ గాయని గొంతు ఒక్కటే చేరడం లేదు. ఆ సన్నటి పై స్వరాలు ఆయన చెవిలో ఎప్పుడో ఖాళీ అయిపోయిన చోట పడిపోతున్నాయి. తెర మీద ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఆయన వాటికేసి చూస్తూ, "ఏది? ఏది?" అని, తప్పిపోయిన మనిషిని జాతరలో వెతుక్కుంటున్నట్టు అడుగుతూనే ఉన్నాడు. ఇంత దూరం తీసుకొచ్చి చివరికి ఈ సంగతి ఆయనకు తెలిసేలా చేశానా అనిపించింది.

సత్తెమ్మ ఆంటీ కొంగు నడుముకు దోపింది. ఆయన వైపు జరిగి, కుడిచెవి దగ్గరికి వంగి, పాడటం మొదలుపెట్టింది. కుళాయి రావడం లేదని చెప్పే ఆ గొంతుతోనే. రాగం అక్కడక్కడా ఉంది, తాళం మాత్రం వేదిక మీది డప్పుతో తప్పలేదు. పల్లవి అయ్యింది. ఇక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, చరణంలోకి వెళ్ళింది. ఒక్క మాట తడబడకుండా, ఆవిడ అక్కడ ఏది పాడితే ఇక్కడ ఈవిడ అది అందిస్తూ పోయింది. అంకుల్ కళ్ళు తెర మీద పెదాల మీదే ఉన్నాయి, చెవి ఈవిడ నోటి దగ్గర ఉంది. కొంచెం కొంచెంగా ఆయన మొహం విచ్చుకుంది. చేత్తో మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. వెనక వరసలో ఒకాయన ఉండబట్టలేక, "ఆంటీ, జర ఆగుండ్రి. మేము ఆమె పాట ఇననీకొచ్చినం, మీ పాట కాదు" అన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. నేను వెనక్కి తిరిగి, "మీరే కొంచెం ముందుకు జరిగి మా ఆంటీ పాట వినండి" అన్నాను. నా జీవితంలో నేను పరాయివాళ్ళతో అంత పొగరుగా మాట్లాడటం అదే మొదలు, ఇప్పటికీ ఆ మాట అన్నందుకు నాకు గర్వంగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు చినుకులు పడ్డాయి. గేటు దగ్గర డబ్బా తీసుకుంటే తేలిగ్గా ఉంది, కాపలావాళ్ళంతా పంచుకుని తిన్నారట. "ఉత్తగ ఎట్లిస్త?" అని అతను అందులో నాలుగు జామకాయలు వేసి ఇచ్చాడు. నేను ఆంటీని, "అంకుల్‌ని అడగండి, ఎలా ఉందో" అన్నాను. ఆవిడకు ఎక్కడలేని సిగ్గు వచ్చింది. "నువ్వే అడుగు" అని ముందుకు నడిచింది. అడగకుండానే ఆయన చెప్పాడు. "ఇన్న బిడ్డా. మొత్తం ఇన్న. చరణం సుత." తర్వాత నాలుగడుగులు పెద్దగా వేసి ఆవిడను కలుసుకుని, వీధి వీధంతా వినబడేలా, "నీకు ఆ పాట ఎట్లొచ్చే?" అని అడిగాడు. ఆవిడ ఆగి, ఆయన చెవి దగ్గరికి వంగింది. "నువ్వు డ్యూటీకి పోయినంక ఇంట్ల రేడియో నేనేం జేసిన అనుకున్నవ్? నువ్వు ఇనుడు బంజేసినవ్ గని, నేను చేయలే!"

తర్వాత నాకు నిజమైన ఉద్యోగం వచ్చింది, గది ఖాళీ చేశాను. వెళ్ళే రోజు ఆంటీ ఆ డబ్బా నిండా సర్వపిండి పెట్టి ఇచ్చింది. అప్పటి నుంచి అది చాలా ఏళ్ళు మా రెండిళ్ళ మధ్య తిరిగింది, ఎప్పుడూ నిండుగానే. అంకుల్ పోయినప్పుడు అది నా వంతులో ఉంది. అలాంటి ఇంటికి ఏదైనా నింపి తీసుకెళ్ళకూడదు, ఖాళీ డబ్బా అసలే తీసుకెళ్ళకూడదు. చేతులూపుకుంటూ వెళ్ళి వచ్చాను. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా డబ్బా నింపాలన్న ఆలోచన రాగానే ఆయన పేరు కళ్ళబడేది, మళ్ళీ అరలో పెట్టేసేదాన్ని. వెళ్ళడమూ అలాగే పలచబడిపోయింది.

మా అమ్మాయికి ఇదంతా చెప్పిన మర్నాడు పొద్దున్నే బియ్యప్పిండి కలిపాను. మధురానగర్‌లో ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో అపార్టుమెంటు లేచింది, అందులో ఒక ఫ్లాట్ ఆంటీ వాటా. అమీర్‌పేట నెత్తి మీద మెట్రో పోతోంది, కోర్సుల బోర్డులు మాత్రం అలాగే ఉన్నాయి, కోర్సుల పేర్లే మారాయి. లిఫ్టు దిగి నడవాలోకి వస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆంటీ సన్నబడింది. కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే, ఎదురుగా ఉన్న నేను ముందుకు వంగితే తప్ప వినిపించలేదు. ఆ గొంతు ఏమైందని ఆందోళనగా అడిగాను. "ఏం కాలే. గట్టిగ ఎవల కోసం మాట్లాడాలె బిడ్డా?" అంది. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను.

డబ్బా ఒళ్ళో పెట్టాను. మూత మీది అక్షరాలను వేలితో తడిమి, తీసి, ఒక ముక్క కొరికింది. "గిది సర్వపిండి గాదు. మీ చెక్క" అంది. ఆ వెక్కిరింపుతో నాకు ప్రాణం లేచి వచ్చింది. మొన్న మా అమ్మాయితో కచేరీకి వెళ్ళిన సంగతి చెప్పాను. వాన పాట పల్లవి అన్నాను, నాకు వచ్చినంత వంకరగా. పల్లవి అయిపోయింది, ఆగాను. "తర్వాత?" అంది. "చరణం నాకు రాదుగా ఆంటీ." "ఇంకా నేర్వలేదా!" అని నన్ను తిట్టి, కుర్చీలో కాస్త తిరిగింది. గోడ మీద దండ వేసిన ఫోటోలో అంకుల్ తెల్లచొక్కాలో ఉన్నాడు. సత్తెమ్మ ఆంటీ ఆయన కుడివైపుకు వంగింది, నడుముకు కొంగు దోపింది, పాత గొంతు మొత్తం పైకి తీసి చరణం ఎత్తుకుంది. నడవా దద్దరిల్లింది. ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకుని, ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకున్న ఒకావిడ తెరిచి ఉన్న మా గుమ్మంలోకి కంగారుగా తొంగిచూసింది. కొంచెం లోపలికి వచ్చి వినమని చెప్పాను.